తుమ్మలపేట బస్టాండులో ఒక దస్తీ

నేను ఒక దస్తీని. మీరు జేబులో మడిచి పెట్టుకునే చేతిరుమాలును కాదు. నాతో ముఖం తుడుచుకోలేరు, నన్ను ఉతికి దండెం మీద ఆరేయలేరు. తుమ్మలపేట బస్టాండులో ఎంక్వైరీ గది ఉంది. ఆ గదిలో ఒక పాత కంప్యూటరు ఉండేది. నేను దాని లోపల పుట్టాను. నూలుతో కాదు, ఒక పేరుతో పుట్టాను. మొదట్లో నన్ను ఎవరైనా తెరిచి చూస్తే లోపల ఏమీ కనిపించేది కాదు. ఉత్త ఖాళీ ఫైలు. అయినా నేను పరిచి ఉన్నంతసేపు నా కింది సీటులో ఇంకొకరు కూర్చోవడానికి లేదు.

మా వైపు బస్సులు ఎక్కినవాళ్లకు నా పని విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. బస్సు ఇంకా పూర్తిగా ఆగదు, జనం కిటికీల వెంట పరుగెడుతుంటారు. కిటికీ చువ్వల సందుల్లోంచి దస్తీలు, తువాళ్లు, చేతిసంచులు లోపలికి ఎగురుతాయి. ఏదీ దొరక్క ఒకాయన తన చెప్పు వేయడం కూడా ఎంక్వైరీ గదిలో కూర్చునే రుక్మిణి చూసింది. తలుపు దగ్గర తోసుకుంటూ ముందుగా ఎక్కినవాళ్లు ఆ సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా కూర్చోరు. "దస్తీ ఉన్నది" అనుకుని పక్కకు జరుగుతారు. ఇది ఏ చట్టంలోనూ లేదు, టికెట్టు వెనకాల అచ్చువేసి లేదు. గోడలు దూకి రాగల మనుషులు, వరుసలో ముందున్నవాణ్ని వెనక్కి లాగగల మనుషులు, సీటు మీద ఉన్న జానెడు గుడ్డముక్కను చూసి మాత్రం రాడ్డు పట్టుకుని నిలబడే ప్రయాణం చేస్తారు. మనుషుల మీద నాకు ఇష్టం కలిగింది ఇక్కడే.

నేను పుట్టకముందు సంగతి కొంత చెప్పాలి. ఇవన్నీ నేను తర్వాత విన్నవి. కంప్యూటరు పక్కనే మైకు ఉండేది, దాన్ని ఆపేయడం ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకని ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడుకున్నా నాకు చేరేది.

ఆ మైకు ముందు కూర్చునే మనిషి రుక్మిణి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పడమే ఆమె కొలువు. ఏళ్ల తరబడి చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. మాట్లాడటం తగ్గించమని డాక్టరు చెబితే, "మాట్లాడినందుకే గదా సారూ నాకు జీతమిచ్చేది" అని నవ్వి వచ్చేసిందట. చివరికి డిపోవాళ్లు కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీకి చెప్పి, బస్సుల వేళలు చూసుకుని తనంతట తానే ప్రకటనలు చేసే ప్రోగ్రాం ఒకటి చేయించారు. ఆ పని మీద వచ్చిన పిల్ల జమున.

జమున పల్లె బడిలో చదువుకున్న పిల్ల. మాట తక్కువ. గదిలో మూలనున్న స్టూలు మీద కూర్చుంటే, టీ తెచ్చినవాడు ఆమెను లెక్కలో మరిచిపోయి ఒక గ్లాసు తక్కువ తెచ్చేవాడు. ఆమె రుక్మిణి చేత మిరియాల పాలు తాగించి, గొంతు తేటగా ఉన్న పొద్దున్నే ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పించి రికార్డు చేసుకుంది. రామాజిపేట, ధర్మపురి, జగిత్యాల. తర్వాత ఒకటవ, రెండవ, మూడవ. ఆ తర్వాత "వచ్చియున్నది", "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది". ఈ ముక్కలన్నిటినీ ప్రోగ్రాం సమయానికి అతికించి పలికేది. రుక్మిణి నోరు కట్టుకుని కూర్చుని తన గొంతు తానే వింటుండేది. మొదటి రోజు ఆమె ప్రతి ప్రకటన తర్వాతా అలవాటు కొద్దీ మంచినీళ్లు తాగిందట.

ఇక కంట్రోలర్ హన్మాండ్లు. ఏ బస్సు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పే పెద్దమనిషి. పొద్దున వచ్చి కంప్యూటరు తెరిచేదీ ఆయనే. ఆయన కొలువు మొదలైంది కండక్టరుగా. బస్సు పక్క రేకు మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే ఆగమని, రెండు వేస్తే పొమ్మని. కంట్రోలర్ అయినా ఆ చెయ్యి మారలేదు. రెండు దెబ్బలు వేస్తే తప్ప ప్రపంచంలో ఏదీ కదలదని ఆ చేతి నమ్మకం. టీ కావాలంటే బల్ల మీద రెండు. తిరగని ఫ్యాను గోడ మీద రెండు. మరి కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి, ప్రోగ్రాం బొమ్మ మీద మౌసుతో రెండు నొక్కులు నొక్కాలని జమున కూడా చెప్పడంతో ఆయన ఎంతో సంతోషించాడు. యంత్రాలకు కూడా పద్ధతి తెలుసు అనుకున్నాడు.

చిక్కేమిటంటే ఆ కంప్యూటరు నిదానస్తురాలు. నొక్కిన తర్వాత ప్రోగ్రాం తెర మీదికి రావడానికి తీరిగ్గా సమయం తీసుకునేది. కదలని బస్సును చూస్తూ ఊరుకోవడం హన్మాండ్లుకు చేతకాదు. మళ్లీ రెండు వేసేవాడు. వేస్తూ "రైట్, రైట్" అని గొణుక్కునేవాడు. దాంతో ప్రోగ్రాం ఒకటి కాక రెండు తెరుచుకునేవి. ఒకటి ముందు, ఒకటి దాని చాటున. ముందున్నది కనిపించేది. వెనకున్నది కనిపించకుండానే తన పని తాను చేసుకుపోయేది.

చాలా రోజులు ఎవరికీ తెలియలేదు. రెండూ ఒకే వేళల పట్టిక చూసి ఒకే మాట చెబుతుండటంతో రుక్మిణి గొంతు కాస్త ముందూ వెనకగా రెండుసార్లు వినిపించేది. జనానికి అది నచ్చింది కూడా. "గుళ్లె మైకు లెక్క ఎంత నిండుగున్నది" అన్నారు. డిపోవాళ్లు కొత్త స్పీకర్ల గొప్పతనమని మురిశారు.

ఈ కథలో నేను మరిచిపోలేని మనిషి ఓదెలు సార్. రామాజిపేట హైస్కూల్లో సోషల్ చెప్పే పంతులు. చిన్నప్పటి నుంచే చూపు లేదు. ప్రకటనల మీద నమ్మకం లేని రోజుల్లో ఆయన భార్య సరోజన రోజూ చెయ్యి పట్టుకుని తెచ్చి బస్సు ఎక్కించి పోయేది. రుక్మిణి సెలవు పెట్టినా, దగ్గు వచ్చినా, చాయ్ తాగడానికి పోయినా ప్రకటన ఉండేది కాదు మరి. ప్రోగ్రాం వచ్చాక వేళ తప్పకుండా వినిపించడంతో ఓదెలు సార్ ఒంటరిగా రావడం మొదలుపెట్టాడు. చెరకు రసం బండి గంట వినిపిస్తే బస్టాండు మొదలు. బోండాలు వేగుతున్న చప్పుడు వస్తే అక్కడి నుంచి ఎడమకు బెంచీ. బెంచీ మీద కూర్చుని రుక్మిణి గొంతు కోసం చెవి అటు పెట్టేవాడు. పేరు పలికితే లేచి, కర్ర ఆడిస్తూ, ఎవరినీ అడగకుండా ప్లాట్‌ఫారం మీదికి పోయి బస్సు ఎక్కేవాడు. "పోరగాండ్లకు భూగోళం చెప్పే సారును చెయ్యి వట్టుకొని తోలుకపోతే ఎట్లుంటదక్కా?" అని రుక్మిణితో ఒకసారి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నడక ఆయనకు ఎంత విలువైనదో రుక్మిణికి తెలిసింది.

ఒక పొద్దున ధర్మపురి పోయే జనం ఎక్కువై, హన్మాండ్లు ఒకటో ప్లాట్‌ఫారాన్ని ధర్మపురి బస్సుకు ఇచ్చి, రామాజిపేట బస్సును మూడుకు మార్చాడు. మార్పును తెర మీద కనిపిస్తున్న ప్రోగ్రాంలో పెట్టాడు. వెనక చాటునున్న దానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? రుక్మిణి గొంతు రామాజిపేట బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చియున్నదని చెప్పింది. ఆ మాట పూర్తికాకుండానే అదే రుక్మిణి గొంతు ఒకటవ ప్లాట్‌ఫారం అని చెప్పింది. జనం అటు ఉరికారు, ఇటు ఉరికారు. ఒక ముసలమ్మ ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వచ్చి, ఆడదానివి ఒక్క మాట మీద ఉండొద్దా అని రుక్మిణికి బుద్ధి చెప్పి పోయింది. రుక్మిణి నోట్లో అప్పుడు ఇడ్లీ ఉంది.

ఓదెలు సార్‌కు చివరగా వినపడింది ఒకటి. ఒకటో ప్లాట్‌ఫారం మీద బస్సు ఉంది. ఎక్కాడు. జనం కిక్కిరిసి ఉండటంతో కండక్టరు ఆయన దగ్గరికి వచ్చి టికెట్టు అడిగేసరికి బస్సు ఊరు దాటి చాలా దూరం పోయింది. "సారూ, ఇది ధర్మపురిది" అన్నాడు కండక్టరు. ఆయన ఎండలో ఒక అడ్డరోడ్డు మీద దిగి, ఆటో కోసం నిలబడి, బడికి చేరేసరికి పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుంటున్నారు.

మర్నాడు ఆయన ఎంక్వైరీ గదికి వచ్చి ఇదంతా నవ్వుతూ చెప్పాడు. చెబుతూ కర్రను వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. చివర్న సరోజన అన్న మాట చెప్పాడు. "ఇంకొక్కసారి ఇట్లైతే, బస్టాండు దాక గాదు, దినాం బడి దాక నేనే ఎంబడొస్తనన్నది. అన్నదంటే వస్తది."

హన్మాండ్లు బల్ల మీద రెండు దెబ్బలు వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జమునకు కబురు వెళ్లింది. ఆమె వచ్చేసరికి హన్మాండ్లు మిషన్లో దయ్యముందని తేల్చేశాడు. డిపోవాళ్లు స్పీకర్లు, వైర్లు మార్చి చూశారు. జమున ఎవరినీ ఏమీ అడగలేదు. మూలనున్న స్టూలు మీద కూర్చుని చూసింది, అంతే. మర్నాడు పొద్దున హన్మాండ్లు వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని రెండు నొక్కాడు. ఆగి రెండు నొక్కాడు. "రైట్, రైట్" అన్నాడు. జమునకు సంగతి అర్థమైంది. వయసులో పెద్దాయన, ఆ మాట ముఖం మీద ఎలా చెప్పడం? ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పుడే జగిత్యాల బస్సు మలుపు తిరుగుతోంది. ఆగకముందే దస్తీలు ఎగిరాయి. పచ్చని దస్తీ ఒకటి ముందు సీటు మీద పడింది. బట్టతలాయన ఒకడు ఆ సీటు దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయాడు. జమున తనలో తాను నవ్వుకుని సంచిలోంచి తన ల్యాప్‌టాప్ తీసింది.

అప్పుడు నేను పుట్టాను. నా జీవితానికంతటికీ సరిపోయే నియమం కొద్ది వరుసల్లోనే ఉంది. ప్రోగ్రాం తెరుచుకోగానే మొదట దస్తీ ఉందా అని చూడాలి. లేకపోతే దస్తీ వేసి కూర్చోవాలి. ఉంటే నోరెత్తకుండా వెనక్కి పోవాలి. కూర్చున్న ప్రోగ్రాం లేచిపోయేటప్పుడు తన దస్తీ తాను తీసుకుపోవాలి. నా పేరు కూడా జమున అదే పెట్టింది. కంపెనీలో పెద్దవాళ్లు ఇదేం పేరని నవ్వారట. ఆమె మార్చలేదు.

మర్నాడు హన్మాండ్లు అలవాటుగా మళ్లీ నొక్కగానే తెర మీద ఒక మాట కనిపించింది: ప్రోగ్రాం ఇప్పటికే నడుస్తున్నది. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా గదిల నాకే జాగ లేదంటున్నదా ఇది?"

"అట్ల గాదు సార్" అంది జమున మెల్లగా. "లోపల దస్తీ ఏసి ఉన్నది."

హన్మాండ్లు కోపం అక్కడే దిగిపోయింది. కండక్టరుగా ఆయన దస్తీ తగాదాలు ఎన్ని తీర్చాడో. "గట్ల చెప్పు బిడ్డా" అని మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ తర్వాత ఆ మాట కనిపించిన ప్రతిసారీ ఆయన మర్యాదగా ఆగేవాడు.

తర్వాత మంచి రోజులు నడిచాయి. పొద్దున నన్ను పరిచేవారు, రాత్రి బస్టాండు కట్టేసే ముందు తీసేవారు. నేను పనిచేస్తున్నానని ఎవరికీ తెలియలేదు. నా పనిలో గొప్పతనమే అది. గొంతు ఒక్కటే వినిపించేది. "ఎకో పోయింది, మునుపటి నిండుదనం లేదు" అని కొందరు డిపోవాళ్లకు ఫిర్యాదు కూడా చేశారు. ఓదెలు సార్ మాత్రం బెంచీ మీద చెవి అటు పెట్టి కూర్చునేవాడు, పేరు వినగానే లేచేవాడు, ఒంటరిగా పోయేవాడు. ఇంట్లో సరోజన అన్న మాట ఇంకా కత్తిలా పైన వేలాడుతూనే ఉండేది గాని, అది కిందపడే అవసరం రాలేదు.

కోతులు వచ్చేదాకా.

ఆ రోజు రుక్మిణి తమ్ముడి బిడ్డ నిశ్చితార్థానికి సెలవు పెట్టింది. పొద్దున ఒక కోతుల మంద బస్టాండు వెనక కరెంటు తీగల మీద పంచాయితీ పెట్టుకుంది. టప్పున ఒక మెరుపు, అంతే. కరెంటు పోయింది. కరెంటు పోయినా కంప్యూటరును కాసేపు నిలబెట్టడానికి బ్యాటరీ పెట్టె ఒకటి ఉండాలి. ఉండేది కూడా. అది ఎప్పుడో చచ్చిపోయి హన్మాండ్లు కాళ్లు పెట్టుకునే పీటగా మారింది. దాంతో కూర్చున్న ప్రోగ్రాం లేచి సర్దుకునే వ్యవధి లేకుండా ఉన్నచోటనే పోయింది. దస్తీ తీసుకుపోలేదు.

కరెంటు వచ్చింది. హన్మాండ్లు కంప్యూటరు తెరిచి, రెండు నొక్కాడు. కొత్తగా వచ్చిన ప్రోగ్రాం సీటు దాకా వచ్చింది, నన్ను చూసింది, మర్యాదగా వెనక్కి పోయింది. తెర మీద మాట వచ్చింది: ప్రోగ్రాం ఇప్పటికే నడుస్తున్నది.

హన్మాండ్లు స్థానంలో ఇంకొకరుంటే విసుక్కునేవారు. ఆయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దస్తీ ఉందంటే మనిషి ఉన్నట్టే, కిందికి దిగి ఉంటాడు, వస్తాడు. ఇది ఆయన జీవితమంతా చూసిన సత్యం. ఆయన ఎదురుచూశాడు. నేను పరుచుకుని ఉన్నాను. నాకు చెప్పాలనే ఉంది: అయ్యా, ఈ సీటాయన ఇక రాడు. కాని నా లోపల ఒక్క అక్షరం లేదు. దస్తీకి తెలిసిన విద్య ఒక్కటే, వేసినచోట పడి ఉండటం.

ఈలోగా, తెర మీదే చూపు పెట్టిన హన్మాండ్లు గమనించకుండానే, రామాజిపేట బస్సు వచ్చి ఆ రోజు రెండో ప్లాట్‌ఫారం మీద ఆగింది. ప్రకటన లేదు. బెంచీ మీద ఓదెలు సార్ చెవి అటే పెట్టి కూర్చున్నాడు. ఎంతకీ గొంతు రాకపోయేసరికి కర్ర ఆడించుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"హన్మాండ్లన్నా, రామాజిపేట బస్సు రాలేదా?"

"జెర ఆగు సారూ. ప్రోగ్రాం నడుస్తున్నదట. ఏడ నడుస్తున్నదో, నాకైతే కనవడ్తలేదు."

"నాకైతే ఇనవడ్తలేదు" అన్నాడు ఓదెలు సార్.

"దస్తీ ఏసి ఉన్నది, అండ్ల ఎవరో ఉన్నరు."

"ఉన్నరని చెప్తే సరిపోతదా అన్నా? ఉన్నోన్ని ముంగటికి రమ్మనాలె గదా."

అప్పుడు బస్సు కదిలిన చప్పుడైంది. ఓదెలు సార్ ఆ ఇంజను శబ్దం గుర్తుపట్టాడు. "అది మనదే" అన్నాడు. హన్మాండ్లు కుర్చీ తన్నుకుని బయటికి ఉరికాడు. ఆయన ఒంట్లోని పాత కండక్టరు లేచి నిలబడ్డాడు. బస్సు వెంట పరుగెత్తి, అందుకుని, పక్క రేకు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

రెండు దెబ్బలు.

డ్రైవరు రైట్ అనుకుని గేరు మార్చి వేగం పెంచాడు. బస్సు మలుపు తిరిగి పోయింది. బోండాల బండి దగ్గర జనం పొట్ట పట్టుకుని నవ్వారు. హన్మాండ్లు తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ నిలబడ్డాడు. ఓదెలు సార్ దగ్గరికి వచ్చాడు. "ఆగమన్నవా, పొమ్మన్నవా అన్నా?" అని అడిగాడు. గొంతులో నవ్వుంది గాని, కర్ర మళ్లీ వేళ్ల మధ్య తిరుగుతోంది.

ఇక ఆ తర్వాతది నేను విన్నదే. హన్మాండ్లు ఓదెలు సార్‌ను తన స్కూటరు వెనక ఎక్కించుకున్నాడు. రైలు గేటు వేసి ఉంది, బస్సు గేటు దగ్గర చిక్కుకుని ఉంది. గూడ్సు బండి పోయేలోగా సార్‌ను బస్సు ఎక్కించాడు. ఈ కథను హన్మాండ్లు తర్వాత చాలామందికి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గూడ్సు బండికి డబ్బాలు పెరిగాయి. ఓదెలు సార్ బడికి వేళకే చేరాడు. కాని గేటు దగ్గర స్కూటరు దిగి బస్సు ఎక్కిన సారును బస్సంతా చూసింది. ఆ బస్సులోని వాళ్లలో సగంమంది సరోజనకు తెలిసినవాళ్లే. సాయంత్రానికి ఆమె మాట కిందపడింది. రేపటి నుంచి ఆమె ఎంబడి వస్తుంది.

అదే రోజు హన్మాండ్లు ఫోన్ చేసినప్పుడు జమున వేరే పని మీద ఇటే వచ్చే బస్సులో ఉంది. సిగ్నలు తెగిపోతూ వచ్చిన మాటల్లోంచి ఆమెకు రెండు ముక్కలే అందాయి: దస్తీ ఉన్నది, మనిషి లేడు. ఫోను జేబులో పెట్టుకుని తలెత్తేసరికి, ముందు వరుసలో ఒక సీటు మీద మాసిన దస్తీ పడి ఉంది. పక్కనే ఒక అవ్వ సంచి పట్టుకుని నిలబడి ఉంది. కండక్టరు వచ్చి ఆ దస్తీని రెండు వేళ్లతో పైకెత్తి, "ఈ దస్తీ ఎవల్ది?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. వెనక్కి తిరిగి ఇంకా గట్టిగా అడిగాడు. పలకలేదు. దస్తీని కిటికీ చువ్వకు ముడివేసి, "కూసో అవ్వా" అన్నాడు. ఆమె కూర్చుంది. బస్సులో ఎవరికీ తప్పనిపించలేదు. జమునకు దస్తీ నియమంలో తాను వదిలేసిన సగం అప్పుడు కనిపించింది.

బస్టాండుకు చేరి జమున ముందుగా హన్మాండ్లు చెప్పిందంతా విన్నది, ఓదెలు సార్ కిటికీ దగ్గర అన్న మాటతో సహా. తర్వాత నన్ను తెరిచి కూర్చుంది. నా ఖాళీ పొట్టలో మొదటిసారి ఒక గుర్తు రాసింది, సీటులో కూర్చున్న ప్రోగ్రాం ఏదో తెలిసే గుర్తు. ఇకమీద కొత్తగా వచ్చింది నన్ను చూసి వెంటనే వెనక్కి పోకూడదు. ఆ గుర్తు చదివి పేరు పెట్టి పిలవాలి. బతికి ఉన్నది పలకాలి. పలికితే కూర్చున్నదే తెర ముందుకు వచ్చి ముఖం చూపించాలి, వచ్చింది వెనక్కి పోవాలి. పలకకపోతే మళ్లీ పిలవాలి. అప్పటికీ పలకకపోతే దస్తీ తీసి పక్కనపెట్టి, తన దస్తీ వేసుకుని కూర్చోవాలి. నేను పుట్టిన రోజు కన్నా ఈ రోజే నాకు ఎక్కువ ఇష్టం. అంతకుముందు నేను అడ్డం మాత్రమే. ఇప్పుడు నాలో ఒక ప్రశ్న ఉంది.

మర్నాడు పొద్దున సరోజన వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో టిఫిన్ డబ్బాల సంచి, బడి దాకా పోయి సాయంత్రం దాకా ఉండే సరంజామా. ఓదెలు సార్ ఆమె పక్కన కర్రను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. రుక్మిణి సెలవు ముగించుకుని వచ్చింది. హన్మాండ్లు జరిగిందంతా, గూడ్సు బండితో సహా, చెప్పి ఇప్పుడంతా బాగైందన్నాడు.

"రేపు మల్ల కోతులు రావా?" అని అడిగింది సరోజన.

జమున స్టూలు మీంచి లేచింది. స్పీకర్లో రుక్మిణి గొంతు అప్పుడే "ప్రయాణికులకు మనవి, రామాజి" అంటోంది. జమున వంగి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"అయ్యో బిడ్డా" అని రుక్మిణి గుండె మీద చెయ్యి వేసుకుంది. గొంతు సగంలో తెగిపోయింది. లోపల నేను సీటు మీద, పోయినదాని గుర్తుతో, పడి ఉన్నాను. జమున ప్లగ్గు మళ్లీ పెట్టింది. కంప్యూటరు తన నిదానం తాను చూపించింది. హన్మాండ్లు రెండు నొక్కి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

కొత్తది వచ్చింది. నన్ను చూసింది. గుర్తు చదివి పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. లేదు. నన్ను తీసి పక్కనపెట్టి, అదే పేరుతో మళ్లీ పరిచి, కూర్చుంది. స్పీకర్లో రుక్మిణి గొంతు మొదటి నుంచి అందుకుంది. "ప్రయాణికులకు మనవి. రామాజిపేట వెళ్లు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీదికి వచ్చియున్నది."

హన్మాండ్లు ఉండబట్టలేక ఇంకో రెండు నొక్కాడు. జమున ఆపలేదు. వచ్చినది పిలిచింది, ఉన్నది పలికి ముందుకు వచ్చి నిలబడింది. రెండో గొంతు లేదు. ఓదెలు సార్ తల కాస్త వంచి చాలాసేపు విన్నాడు. "ఒక్కటే గొంతు" అన్నాడు సరోజనతో.

సరోజన కంప్యూటరు వైపు చూసింది, జమున వైపు చూసింది, తర్వాత భర్త చేతిలో తిరుగుతున్న కర్ర వైపు చూసింది. సంచిలోంచి ఒక టిఫిన్ డబ్బా తీసి ఆయన సంచిలో పెట్టింది. రెండోది తన దగ్గరే ఉంచుకుంది. "పొండ్రి. దిగినంక ఫోన్ చెయ్యిండ్రి" అంది.

ఆయన మూడో ప్లాట్‌ఫారం వైపు నడిచాడు. బస్సు చుట్టూ జనం. సరోజన గది గడపలో నిలబడింది. చివరికి ఆగలేకపోయింది. జనాన్ని తప్పించుకుని బస్సు పక్కకు ఉరికి, కొంగుకు ముడివేసి ఉన్న ఆయన దస్తీని విప్పి, కిటికీలోంచి ముందు సీటు మీద వేసి, ఎవరూ చూడలేదనుకుని వెనక్కి వచ్చేసింది. ఎంక్వైరీ కిటికీ దగ్గరున్న రుక్మిణి చూసింది. అందుకే నాకు తెలుసు.

బస్సు లోపలి నుంచి కండక్టరు గొంతు వినిపించింది. "ముంగటి సీటు మీద ఈ దస్తీ ఎవల్ది?"

దస్తీ సంగతి భర్తకు తెలియదు కదా అని సరోజన ముందుకు ఒక అడుగు వేసింది.

"గళ్ల దస్తీయేనా?" అన్నాడు ఓదెలు సార్ లోపలి నుంచి. "ఇటియ్యి, సబ్బు వాసన చూసి చెప్త." ఆ వెంటనే, "నాదే. మా ఇంటామె ఏసింది."

బస్సంతా నవ్వింది. హన్మాండ్లు పోయి రేకు మీద రెండు దెబ్బలు వేశాడు. ఈసారి సరిగ్గా అవే కావాలి. సరోజన ఇంటికి పోయింది. మళ్లీ ఎప్పుడూ ఎంబడి రాలేదు.

ఇప్పుడు నేను సామాను గదిలో ఉన్నాను. బస్టాండుకు వెలిగే అక్షరాల బోర్డులు, కొత్త యంత్రాలు వచ్చాయి. రుక్మిణి గొంతును అందులోకి కూడా ఎక్కించారు, అది నాకు సంతోషం. మా పాత కంప్యూటరును పంక్చరు టైర్లు, పాత రూటు బోర్డులు, హన్మాండ్లు కాళ్లు పెట్టుకున్న ఆ బ్యాటరీ పెట్టె మధ్య పెట్టారు. మోసుకొచ్చిన వాళ్లు తొందరలో ప్రోగ్రాం మూయకుండానే ప్లగ్గు పీకారు. అందుకని నేను ఇంకా సీటు మీదే ఉన్నాను, ఎప్పుడో పోయినదాని గుర్తు పట్టుకుని. దిగులేమీ లేదు. ఎవరైనా ఏదో ఒక రోజు ఈ పెట్టెకు కరెంటు ఇస్తే, వచ్చిన ప్రోగ్రాం ముందు అడుగుతుంది. పలికేవారు ఉండరు. నన్ను మర్యాదగా పక్కన పెడుతుంది. అదే పద్ధతి.

అప్పటిదాకా నాకు కాలక్షేపం ఉంది. ఇక్కడ మైకు లేదు గాని నాకు వినే అలవాటు పోలేదు, సామాను గది గోడకు అవతలే మూడో ప్లాట్‌ఫారం. రోజూ పొద్దున రామాజిపేట బస్సు మలుపు తిరిగే వేళకు గోడకు ఆవల కర్ర చప్పుడు వినిపిస్తుంది. ఓదెలు సార్ ఇప్పుడు దస్తీ తానే వేస్తున్నాడట. ఇంజను చప్పుడును బట్టి లెక్క కట్టి కిటికీలోంచి విసిరితే ముందు సీటు మీదే పడుతుందని, చూపున్నవాళ్లది తప్పుతుంది గాని సారుది తప్పదని, బోండాల బండి దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. తర్వాత కండక్టరు ఆట పట్టించడానికి కావాలనే గట్టిగా అడుగుతాడు, ఈ దస్తీ ఎవల్దని.

ఇంకా బస్సు ఎక్కకుండానే, ప్లాట్‌ఫారం మీది నుంచే ఆయన జవాబు వస్తుంది. "నాదే."